నోటుబుక్కు ఎవరు కొన్నట్టు? ఆంధ్రప్రదేశ్ బడి గ్రాంటు ప్రయోగంపై ఒక కేస్ స్టడీ

జూన్ రెండో వారంలో ఏ మండల కేంద్రానికైనా వెళ్లి చూడండి. పుస్తకాల షాపు ముందు నిలబడడానికి చోటుండదు. కూలి డబ్బులు ఇంకో ఖర్చుకు పోకముందే బజారుకు వచ్చిన తండ్రి ఒకాయన, చేతిలో చీటీ చూసుకుంటూ, "రూళ్లవి నాలుగు, తెల్లవి రెండు, చిన్నోడికి ఒక పలక, బలపాల పెట్టె" అని చెబుతుంటాడు. షాపాయన లెక్క కట్టి మొత్తం చెప్పగానే కాసేపు ఆలోచించి, తెల్లది ఒకటి వెనక్కి ఇచ్చేస్తాడు.

ఆయన వెనక్కి ఇచ్చిన ఆ ఒక్క పుస్తకం కోసమే ఈ కేస్ రాస్తున్నాను. బడుల్లో ఏదైనా పథకం పెడితే పిల్లలకు చదువు వస్తుందా రాదా అని కొలిచే పనిలో ఉన్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నేను మొదట చెప్పే కేస్ ఇదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో మొదలైన ఒక పెద్ద ప్రయోగంలో ఇదొక భాగం. వంద ప్రభుత్వ ప్రాథమిక బడులకు రెండేళ్లపాటు ఒకే లెక్కన గ్రాంటు ఇచ్చారు. మొదటి ఏడాది పిల్లల మార్కులు పెరిగాయి. రెండో ఏడాది అదే గ్రాంటుకు ఫలితం కనిపించలేదు. బడులు మారలేదు, డబ్బు తగ్గలేదు. మరి మారిందేమిటి?

ఆ వంద బడులను చీటీలు తీసి ఎంచుకున్నారు. మారిందేమిటో చూసేముందు, అలా చీటీ వేసి బడులను ఎంచుకోవడం ఎందుకో చెప్పాలి. ఈ మాట వినగానే చాలామందికి మనసు ఒప్పదు.

పనిలో చేరిన కొత్తలో నేను ఒక కార్యక్రమంలో ఉన్నాను. బొమ్మలతో చదివే కార్డులు బడులకు ఇచ్చాం. ఏ బడులకు ఇవ్వాలి అన్నప్పుడు, "బాగా పనిచేసే హెచ్‌ఎంలు ఉన్న బడులు తీసుకోండి, కార్డులు బీరువాలో పడి ఉండవు" అని అక్కడి అధికారి ఒకరు సలహా ఇచ్చారు. సబబుగానే తోచింది. ఏడాది చివర ఆ బడుల పిల్లలు చుట్టుపక్కల బడుల పిల్లలకంటే బాగా చదివారు. రిపోర్టు రాశాం, అందరూ మెచ్చుకున్నారు. మరుసటి ఏడాది కార్డులను మిగతా బడులకూ ఇచ్చాం. అక్కడ ఏ మార్పూ రాలేదు. ఆ పిల్లలకు చదువు కార్డుల వల్ల వచ్చిందా, కార్డులు అడిగి తెచ్చుకునేంత శ్రద్ధ ఉన్న హెచ్‌ఎం వల్ల వచ్చిందా అన్నది మా దగ్గరున్న కాగితాలతో ఎప్పటికీ తేలదు. అది తేలే అవకాశాన్ని మొదటి రోజే, బడులను ఎంచుకున్నప్పుడే పోగొట్టాం. ఇన్నేళ్లయినా ఆ రిపోర్టు గుర్తొస్తే బాధగా ఉంటుంది. దాన్ని నమ్మి కార్డుల కోసం ఖర్చుపెట్టిన డబ్బు ఆ పిల్లలదే.

ఇలాంటి పొరపాటు పెద్ద పరిశోధకులకూ తప్పలేదు. కెన్యాలో గోడకు తగిలించే పాఠాల చార్టుల మీద జరిగిన పరిశోధన ఫలితాలు 2004లో అచ్చయ్యాయి. ఉన్నవి ఉన్నట్టుగా, చార్టులున్న బడులను లేని బడులతో పోలిస్తే, చార్టుల వల్ల మార్కులు 0.20 స్టాండర్డ్ డీవియేషన్ (పిల్లల మార్కుల మధ్య మామూలుగా ఉండే ఎచ్చుతగ్గులను కొలిచే కొలమానం) దాకా పెరిగినట్టు లెక్క తేలింది. వేరుగా 178 బడులు తీసుకుని, సగం బడులకే చార్టులిచ్చి ప్రయోగం చేస్తే ప్రభావం దాదాపు సున్నా. ముందు నుంచీ చార్టులు ఉన్న బడులు వేరే విషయాల్లోనూ మెరుగైన బడులే. ఆ మేలంతా చార్టుల ఖాతాలో పడిపోయింది.

మనకు కావలసిన పోలిక నిజానికి ఒక్కటే: ఇదే బడికి, ఇదే ఏడాది, గ్రాంటు రాకపోయి ఉంటే ఎలా ఉండేది? దాన్ని చూసినవాళ్లు ఎవరూ ఉండరు, చూడగలిగేవాళ్లూ ఉండరు. చీటీ వేస్తే ఆ చూడలేని బడికి బదులుగా నిలబెట్టగలిగే బడులు దొరుకుతాయి. ఒక్కో బడిని తీసుకుంటే ఏ రెండూ ఒకలా ఉండవు. కానీ వంద బడులు ఇటు, వంద బడులు అటు చీటీ మీద పడితే, మంచి హెచ్‌ఎంలు, వాన పడని ఊళ్లు, వలస పోయే కుటుంబాలు, బస్సు లేని తండాలు అన్నీ రెండు వైపులకూ దాదాపు సమంగా వస్తాయి. ఆ తర్వాత తేడా కనిపిస్తే దానికి కారణం గ్రాంటు.

ఇక ప్రయోగం సంగతి. రాష్ట్ర ప్రభుత్వం, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి చేసిన పని ఇది. ముందుండి నడిపిన పరిశోధకులు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్. కోస్తా, రాయలసీమ, తెలంగాణ మూడు ప్రాంతాలూ వచ్చేలా 5 జిల్లాలు తీసుకున్నారు. ఒక్కో జిల్లాలో 10 మండలాలు, ఒక్కో మండలంలో 10 బడులు. మొత్తం 500. ప్రతి మండలంలోని పది బడులను రెండేసి చొప్పున ఐదు రకాలుగా విడగొట్టారు. రెండు బడులకు గ్రాంటు, రెండింటికి అదనంగా ఒక కాంట్రాక్ట్ టీచరు, రెండింటిలో టీచర్లకు విడివిడిగా బోనస్, రెండింటిలో టీచర్లందరికీ కలిపి బోనస్, చివరి రెండింటికి ఇవేవీ లేవు. ఆ చివరివే పోలిక బడులు.

మండలం లోపలే చీటీ వేయడం చిన్న విషయంలా కనిపిస్తుంది. ఫీల్డులో తిరిగినవాళ్లకు దాని విలువ తెలుసు. ఎంఈఓ (మండల విద్యాధికారి) బదిలీ అయినా, వరద వచ్చి వారం రోజులు బడులు మూతపడినా, ఎన్నికల డ్యూటీ పడినా ఆ మండలంలోని ఐదు రకాల బడులకూ ఒకేలా తగులుతుంది. అది పోలికను పాడుచేయదు.

గ్రాంటు పిల్లవాడికి ఏడాదికి 125 రూపాయలు. 80 మంది పిల్లలున్న బడికి 10,000 అన్నమాట. ఈ రోజు లెక్కలో చూసి చిన్నదనుకోకండి. ఆ రోజుల్లో సర్వశిక్షా అభియాన్ కింద ప్రాథమిక బడికి వచ్చే స్కూల్ గ్రాంటు ఏడాదికి 2,000, బోధన సామగ్రికి టీచరుకు 500. వాటితో పోలిస్తే ఇది పెద్ద మొత్తమే. షరతు ఒక్కటే, పిల్లల చేతికి అందే వాటికే ఖర్చుపెట్టాలి. గోడలకు సున్నం, గేటు రిపేరు కుదరదు. ఏం కొనాలన్నది బడి ఇష్టం. టీచర్లు జాబితా రాశారు, ప్రాజెక్టు వాళ్లు దాన్ని చూసి సరేనన్నారు, ఫౌండేషన్ సిబ్బందీ టీచర్లూ కలిసి వెళ్లి కొన్నారు. డబ్బు చేతులు మారి ఎక్కడో ఆగిపోయే వీలు లేకుండా సామాను నేరుగా బడికి చేరింది. ఎక్కువ భాగం దేనికి పోయిందో మన బడులు తెలిసినవాళ్లు ఊహించగలరు: నోటుబుక్కులు, పలకలు, చార్టులు, అభ్యాస పుస్తకాలు.

ఇప్పుడు తేదీ చూడండి. మొదటి ఏడాది ఆ సామాను బడికి చేరింది 2005 సెప్టెంబరు నాటికి. బడులు తెరిచింది జూన్‌లో. అంటే షాపు ముందు మనం చూసిన తండ్రి అప్పటికే కొనాల్సినవి కొనేశాడు. గ్రాంటు వస్తుందని ఆయనకు తెలియదు, హెచ్‌ఎంకీ తెలియదు. సెప్టెంబరులో బడి ఇచ్చిన పుస్తకాలు ఇంట్లో కొన్నవాటికి తోడుగా చేరాయి. పిల్లవాడి సంచిలో నిజంగానే పుస్తకాలు పెరిగాయి.

ఏడాది చివర పరీక్షల్లో గ్రాంటు బడుల పిల్లలు పోలిక బడుల పిల్లలకంటే లెక్కల్లో, తెలుగులో సుమారు 0.08 నుంచి 0.09 స్టాండర్డ్ డీవియేషన్ ముందున్నారు. ఈ అంకె ఎంతో ఊహకు అందాలంటే, వంద మంది పిల్లలను మార్కుల ప్రకారం వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్న పిల్లవాడు మూడు నాలుగు స్థానాలు ముందుకు జరిగాడనుకోండి. బ్రహ్మాండమైన మార్పేమీ కాదు. పిల్లవాడికి 125 రూపాయలతో వచ్చిన మార్పు కాబట్టి చెప్పుకోదగ్గదే.

రెండో ఏడాది అందరికీ తెలుసు. పోయిన ఏడాది బడిలో పుస్తకాలు ఇచ్చారు, ఈసారీ ఇస్తారు. గ్రాంటు అదే లెక్కన వచ్చింది. పరీక్షలు పెడితే ఆ ఏడాది గ్రాంటు వల్ల కలిగిన లాభం కనిపించలేదు.

ప్రయోగం ఇక్కడితో ఆగిపోయి ఉంటే మనం ఏమనుకునేవాళ్లం? రెండో ఏడాది టీచర్లు శ్రద్ధ తగ్గించారని కొందరు, సామాను మూల పడేశారని కొందరు, ప్రభుత్వ బడిలో డబ్బు పోసి ప్రయోజనం లేదని ఇంకొందరు. ఈ చివరి మాట నేను ఎన్ని మీటింగుల్లో విన్నానో లెక్కలేదు. వాళ్ల చేతిలో ఉన్నది పిల్లల మార్కులు మాత్రమే, ఇంటి లెక్క ఎవరి దగ్గరా ఉండదు.

ఈ పరిశోధకులు ఇళ్లకూ వెళ్లారు. చదువు కోసం ఇంట్లో ఎంత ఖర్చుపెట్టారో రెండేళ్లూ అడిగారు. మొదటి ఏడాది గ్రాంటు బడుల పిల్లల ఇళ్లలోనూ, పోలిక బడుల పిల్లల ఇళ్లలోనూ ఖర్చులో చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండో ఏడాది గ్రాంటు బడుల వైపు ఇంటి ఖర్చు స్పష్టంగా తగ్గింది. బడి ఇస్తుందని తెలిశాక తల్లిదండ్రులు ఆ మేరకు కొనడం తగ్గించారు. బడి ఒక పుస్తకం ఇచ్చింది, ఇల్లు ఒక పుస్తకం మానేసింది. సంచి బరువు పెద్దగా మారలేదు. మార్కులూ మారలేదు.

జాంబియాలోనూ దాదాపు ఇదే కనిపించింది. అక్కడ చీటీ ప్రయోగం లేదు. ప్రతి బడికీ ఏటా తప్పక వచ్చే గ్రాంటు ఒకటి, జిల్లా అధికారులు ఎప్పుడో ఒకప్పుడు ఇచ్చే గ్రాంటు ఒకటి ఉండేవి. తప్పక వస్తుందని తెలిసిన డబ్బుకు మార్కులు పెరగలేదు, అనుకోకుండా వచ్చిన డబ్బుకు పెరిగాయి. రెండు దేశాల ఫలితాలనూ కలిపి జిష్ణు దాస్, స్టెఫాన్ డెర్కాన్, జేమ్స్ హబ్యారిమానా, ప్రమీలా కృష్ణన్‌లతో పాటు మురళీధరన్, సుందరరామన్ 2013లో ప్రచురించారు.

ఈ కేస్‌లో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఇది. "నోటుబుక్కుల వల్ల చదువు వస్తుందా" అన్న ప్రశ్నలో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. ఇంట్లో ఏమీ మారకుండా పిల్లవాడికి ఒక పుస్తకం ఎక్కువ అందితే ఏమవుతుంది అన్నది మొదటిది. బడికి పుస్తకాలిచ్చే పథకం ఏటా నడిస్తే, అందులో తల్లీ తండ్రీ టీచరూ తమ తమ లెక్కలు మార్చుకున్నాక ఏమవుతుంది అన్నది రెండోది. చీటీ వేసిన ప్రయోగం నిజాయితీగా చెప్పేది రెండో దానికి జవాబు. ఈ ప్రయోగంలో మొదటి ఏడాది గ్రాంటు చెప్పకుండా రావడం వల్ల మొదటి దానికీ కొంత జవాబు దొరికింది. ప్రభుత్వానికి కావలసింది రెండోది. టీచరు మనసులో ఉండేది మొదటిది. ఈ తేడా పట్టించుకోకుండా "ప్రయోగంలో తేలింది" అని చెప్పేవాళ్లను చూస్తే నాకు భయం వేస్తుంది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. చీటీ పడింది బడుల మధ్యే. మొదటి ఏడాదికీ రెండో ఏడాదికీ మధ్య చీటీ లేదు. కాబట్టి రెండేళ్ల తేడాకు తల్లిదండ్రులే కారణమనే మాట, గ్రాంటు బడులకూ పోలిక బడులకూ మధ్య తేడా అంత గట్టిది కాదు. మొదటి ఏడాది సామాను మిగిలిపోయి రెండో ఏడాది అవసరం తగ్గిందేమో అని అడగవచ్చు. కానీ కొన్నవాటిలో ఎక్కువ భాగం ఏడాదిలో అయిపోయేవే, మూడో తరగతి పిల్లవాడి నోటుబుక్కు సంక్రాంతికే నిండిపోతుంది. పైగా ఇంటి ఖర్చు తగ్గినట్టు సర్వేలో నేరుగా కనిపించింది. అందుకే నేను ఆ పరిశోధకుల వివరణనే ఒప్పుకుంటాను.

మిగతా నాలుగు రకాల బడుల సంగతి క్లుప్తంగా. బోనస్ లెక్క ఇలా ఉండేది: తరగతి సగటు మార్కులు 5 శాతం దాటి ఎంత పెరిగితే, పెరిగిన ప్రతి శాతానికీ 500 రూపాయలు. సగటు 11 శాతం పెరిగితే ఆ టీచరుకు 3,000. పాస్ మార్కు అని గీత గీయలేదు, ఏ పిల్లవాడు మెరుగుపడినా లెక్కలోకి వస్తాడు. రెండేళ్లకు బోనస్ బడుల పిల్లలు లెక్కల్లో 0.27, తెలుగులో 0.17 స్టాండర్డ్ డీవియేషన్ ముందుకెళ్లారు. బోనస్ లేని సైన్సు, సోషల్‌లో కూడా మెరుగుపడ్డారు. ఆశ్చర్యం ఏమిటంటే టీచర్ల హాజరు పెరగలేదు. బడికి వచ్చిన రోజుల్లో హోంవర్కు ఇవ్వడం, బడి వేళల తర్వాత కూర్చోబెట్టి చెప్పడం, ప్రాక్టీసు పరీక్షలు పెట్టడం పెరిగాయి. అదనంగా కాంట్రాక్ట్ టీచరును ఇచ్చిన బడుల్లోనూ రెండేళ్లకు లెక్కల్లో 0.16, తెలుగులో 0.15 పెరుగుదల కనిపించింది. పర్మనెంటు టీచర్ల గైర్హాజరు 27 శాతం ఉంటే కాంట్రాక్టు వాళ్లది 18 శాతం. దీన్ని చూపించి తక్కువ జీతాలే మంచివనే వాళ్లున్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. అదనంగా ఒక మనిషిని ఇస్తే ఏమైందన్నదే ఇక్కడ చీటీతో కొలిచింది. పర్మనెంటు టీచరు పోస్టు తీసేసి కాంట్రాక్ట్ టీచరును పెడితే ఏమవుతుందన్నది ఇంకో ప్రయోగం. పిల్లల పరీక్షా ఫలితాలను విశ్లేషించి టీచర్లకు రిపోర్టులివ్వడం వరకే చేసిన బడులను, అదీ లేని బడులతో పోల్చి కూడా చూశారు. పరిశీలకులు వచ్చి కూర్చున్నప్పుడు అక్కడి టీచర్లు చురుగ్గా కనిపించారు. ఏడాది చివర పిల్లల మార్కుల్లో మాత్రం తేడా లేదు. తరగతిలో వెనక బెంచీలో కూర్చుని రాసుకునే నాలాంటివాళ్లు ఈ ఒక్క ఫలితాన్ని ఎప్పుడూ గుర్తుంచుకోవాలి.

ఇక పోలిక బడులు. చీటీలు వేసిన రోజు మండల రిసోర్స్ సెంటర్‌లో ఎలా ఉంటుందో నా అనుభవంలోంచి ఒక్కటి చెబుతాను. హెచ్‌ఎంలందరినీ పిలిచాం. స్టీలు డబ్బాలో మడిచిన చీటీలు. పక్క బడి నుంచి ఒక పాపను పిలిచి తీయమన్నాం. చీటీలో తన బడి పేరు రాని హెచ్‌ఎం ఒకావిడ మీటింగు అయ్యాక నా దగ్గరికొచ్చి, "మా పిల్లలంతా క్వారీ కూలీల పిల్లలండీ. వాళ్లకు రాకుండా చీటీ ఏమిటండీ? అవసరాన్ని చూసి ఇవ్వాలి కదా?" అన్నారు. గొంతులో కోపం లేదు, బాధ ఉంది. నేను చెప్పగలిగింది ఒకటే. ఉన్నది సగం బడులకు సరిపడే డబ్బు. ఇది మేలు చేస్తుందో లేదో ఎవరికీ తెలియదు. తెలిస్తే మీ పిల్లలకే ముందు రావాలి, తెలియడానికి మీ బడే కావాలి. ఆమె విన్నారు. సంవత్సరం పొడుగునా మేం పరీక్షలు పెట్టడానికి వెళ్లినప్పుడు ఒక్కసారి కూడా విసుక్కోలేదు, పిల్లలను వరండాలో వరసగా కూర్చోబెట్టి పెన్సిళ్లు చెక్కి ఉంచేవారు. ఏ రిపోర్టులోనైనా "పోలిక బడులు" అని ఒక్క మాటలో రాస్తాం. ఏమీ పొందకుండా తమ బడి తలుపులు తెరిచిన ఇలాంటి హెచ్‌ఎంలు లేకపోతే మన దగ్గర ఏ జవాబూ ఉండదు.

మేలు చేస్తుందని ఇప్పటికే రుజువైన దాన్ని చీటీ పేరుతో ఎవరికీ ఆపకూడదు. ఏడాది ముగిశాక పోలిక బడులకు ఏదో ఒకటి ఇచ్చే ఏర్పాటు ముందే చేసుకోవాలి. ఈ రెండూ కుదరని చోట నేను ప్రయోగానికి ఒప్పుకోను.

మళ్లీ నోటుబుక్కు దగ్గరికి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి బ్యాగు, నోటుబుక్కులు, యూనిఫాం, బూట్లు కలిపి కిట్టుగా ఇస్తున్నారు. మొదట జగనన్న విద్యా కానుక, ఇప్పుడు సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర. పాత ప్రయోగం చదివినవాళ్లు కొందరు "వీటితో మార్కులు పెరగవు, దండగ" అంటారు. నా అభిప్రాయం వేరు. ఇంట్లో మిగిలిన డబ్బు గాలిలో కలిసిపోదు. అది బియ్యానికో మందులకో వెళ్తుంది, పేద ఇంటికి అదీ మేలే. దాన్ని చదువులో పెరుగుదల అని రాయకూడదు, లేనట్టూ రాయకూడదు. ఆ మేలు కనబడాలంటే ఇంటి గడప దాకా వెళ్లి అడగాలి.

ఈ కేస్ చదివాక మా ఫారాల్లో నేను చేసిన మార్పు ఒక్కటే. పిల్లల పరీక్షతో పాటు ఇంటి దగ్గర ఒక పేజీ: ఈ ఏడాది పుస్తకాలకు ఎంత అయింది, ట్యూషన్‌కు ఎంత, పోయిన ఏడాది ఎంత, బడి నుంచి ఏం వస్తుందని ముందే తెలుసా. ఆ నాలుగో ప్రశ్న అడగడం మొదలుపెట్టిన ఏడాది ఒక తల్లి లోపలికి వెళ్లి, పాత నోటుబుక్కుల్లో మిగిలిన తెల్ల కాగితాలు చింపి దారంతో కుట్టిన ఒక పుస్తకం తెచ్చి చూపించింది. "కొత్తవి బడిలో ఇస్తారని టీచరమ్మ చెప్పింది కదండీ, అందుకే కొనలేదు. లెక్కలు చేసుకోడానికి ఇది కుట్టిచ్చాను. ఆ డబ్బులతో పెద్దదానికి చెప్పులు కొన్నాం" అంది. గుమ్మం పక్కన చెప్పులు కొత్తవే ఉన్నాయి. ఫారంలో పుస్తకాల ఖర్చు గడిలో సున్నా రాసుకుని, కింద ఖాళీ జాగాలో చెప్పుల సంగతి రాసుకున్నాను.